గ్రామఫోను రికార్డులకు పాఠపరిష్కరణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకములను గూర్చి మాటలాడుట సంప్రదాయము. కార్యవర్గమువారు నాకు మాత్రము వేఱొక విషయము నొప్పగించిరి. మన బీరువాలలో పుస్తకముల ప్రక్కన దాతలిచ్చిన గ్రామఫోను రికార్డులు కూడ నున్నవి. వానిలోని పాటలను, పద్యములను కంప్యూటరులోనికి ఎక్కించి, గరగరలు తొలగించి, అందఱకును వినిపింపవలెనని మన యువకుల సంకల్పము. ఆ పని ఎట్లు చేసిన మేలగునో చెప్పుమని నాకు ఆనతియైనది.

నేను లెక్కలు వ్రాయువాడను. సంగీత విద్వాంసుడను గాను, యంత్రజ్ఞుడను గాను. అయినను ప్రాచీన గ్రంథములతో నాకు గల కొలది పరిచయముచేత ఈ పని క్రొత్తదిగా తోచలేదు. తాటాకు ప్రతులను ముందిడుకొని కావ్యమును పరిష్కరించు పండితుడు ఏ నియమములను పాటించునో, రికార్డును పరిష్కరించువాడును ఆ నియమములనే పాటింపవలెను. నేడు నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

మొదట ఈ రికార్డులలో ఏమున్నదో స్మరింతము. మన దేశమున తొలి రికార్డులు 1902లో కలకత్తానగరమున తీయబడెను. లండనునుండి వచ్చిన ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ అను నతడు గౌహర్‌జాన్ మొదలగువారి గానమును ముద్రించెను. అటుపిమ్మట అర్ధశతాబ్దమునకు పైగా నిమిషమునకు సుమారు 78 చుట్లు తిరుగు లక్క రికార్డులే రాజ్యమేలినవి. పది అంగుళముల రికార్డున ఒక ప్రక్క పట్టునది మూడు నిమిషముల పాట. ఆ మూడు నిమిషములలోనే మన రంగస్థల నటులు పద్యమును, రాగమును ఇమిడ్చి పాడిరి. తిరుపతి వేంకటకవుల భారత నాటకములలోని పద్యములు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర పద్యములు రికార్డుల కెక్కి, నాటకము చూడనివారి యిండ్లకు కూడ చేరినవి. ఆ జంటకవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు మన భీమవరమునకు చేరువనున్న యండగండిలో జన్మించినవారు. రంగస్థలముపై వన్సుమోరు కొట్టించుకొన్న గొంతులు పెక్కింటికి నేడు మిగిలిన సాక్ష్యము ఈ నల్లని బిళ్లలే.

1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీవారు వినైల్ అను ప్లాస్టిక్‌తో చేసిన, నిమిషమునకు ముప్పదిమూడున్నొకమూడవ వంతు చుట్లు తిరుగు పెద్ద రికార్డును తెచ్చిరి. ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పాట పట్టుచుండెను. గుడివాడ సమీపమునందలి చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు గానము చేసిన భగవద్గీత 1974లో ఇట్టి రికార్డుగనే వెలువడెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే ఆయన దివంగతులైరి. ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వఱకు, కైకలూరు మొదలు ఆకివీడు వఱకు, దేవాలయమునందేమి, దుఃఖము కలిగిన యింటియందేమి, ఆ గొంతు వినబడని యూరు లేదు. నేటి పిల్లలు దానిని జేబులోని ఫోనునుండి వినుచున్నారు. వారు వినునది ఎవరి చేతిలో ఎన్నిమారులు మాఱిన ప్రతియో వారికి తెలియదు. ఆ మాఱిన ప్రతియే రేపు ఘంటసాలవారి గొంతుగా నిలిచిపోవును. కావున ఈ పని వేడుక కాదు, బాధ్యత.

రికార్డు ఎట్లు చెడునో తెలిసిననే గాని దానికి చికిత్స తెలియదు. లక్క రికార్డు అను పేరే గాని, అందు లక్కతోపాటు మెత్తని రాతిపొడి కూడ కలిసియుండును. ఉక్కుముల్లు గాడిలో పరుగెత్తునపుడు ఆ రాతిపొడి ముల్లును అరగదీసి గాడికి సరిపడునట్లు చేయును. ఆ ఒరపిడి నుండి పుట్టునదే ఎడతెగని ‘సర్’ మను చప్పుడు. పాతకాలపు పెట్టెలలో ముల్లుపై పడు బరువు నూఱు గ్రాములకు పైబడి యుండుట సామాన్యము. పెండ్లిపందిళ్లలోను, కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థము వంటి జాతరలలోను మైకుసెట్టువారు ఒక్క ముల్లుతోనే పది రికార్డులు వాయించిన దినములు కలవు. గాడి అరుగుటలో ఆశ్చర్యమేమున్నది? వినైల్ రికార్డు నేలబడినను పగులదు. కాని గీత పడును, ఎండలో ఉంచిన వంగును. కొల్లేటి గాలిలోని చెమ్మ అట్టసంచులకు బూజు పట్టించును. ఆ బూజు గాడులలోనికి దిగి టపటప మనిపించును.

ఇక పరిష్కరణ విషయము. తాటాకు ప్రతులలో మూడు విధములైన దోషములు కనబడును. వ్రాయసకాడు పొరపడి వ్రాసినది లేఖకప్రమాదము. పురుగు తినివేయగా అక్షరములు పోయినది గ్రంథపాతము. తరువాతివాడు తన కవిత్వమును చొప్పించినది ప్రక్షిప్తము. రికార్డులోను ఈ మూడును కలవు. గీతలవలన, దుమ్మువలన పుట్టిన టపటపలు లేఖకప్రమాదముల వంటివి, గుర్తించి తొలగింపవచ్చును. గాడి అరిగిపోయి మాయమైన ధ్వని గ్రంథపాతము, అది తిరిగిరాదు. కంప్యూటరువారు సొంపుకొఱకు చేర్చు గుమ్మటపు ప్రతిధ్వనులు, లేని మెఱుగులు ప్రక్షిప్తములు. మొదటిదానిని దిద్దవలెను, రెండవదానిని ఒప్పుకొనవలెను, మూడవదానిని మానవలెను.

సి. పి. బ్రౌను దొరగారు (1798–1884) తెలుగు కావ్యములను ఉద్ధరింపబూనినపుడు ఒక్క ప్రతిని నమ్ముకొనలేదు. పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, పండితులను కూర్చుండబెట్టి, పోల్చి చూపించెను. మన పనికిని అదియే మొదటి మెట్టు. ఒకే పాట ఏలూరులో ఒకరి యింట, గూడెములో మఱియొకరి యింట ఉండవచ్చును. ఒకరి ప్రతిలో పల్లవి అరిగి యుండును, వేఱొకరి దానిలో చరణము అరిగి యుండును. కంప్యూటరుతో పది దినములు కుస్తీపట్టి సాధింపలేని శుభ్రత, రెండవ ప్రతి దొరికిన ఒక్క గడియలో లభించును. కావున ముందు ఊరూర అడుగుడు, పిమ్మట యంత్రము ముట్టుడు.

రెండవ మెట్టు శుభ్రపఱచుట. స్వేదనజలములో మెత్తని సబ్బుద్రవము రెండుచుక్కలు కలిపి, మృదువైన కుంచెతో గాడి వెంటనే త్రిప్పుచు కడుగవలెను, అడ్డముగా తుడువరాదు. నడిమి కాగితపు బిళ్ల తడియరాదు; దానిపైనున్న సంఖ్యలే ఆ రికార్డునకు జాతకము. లక్క రికార్డును సారాయితత్త్వము గల ద్రవముతో ఎన్నడును తుడువరాదు. లక్క అందు కరగిపోవును. మరల మంచి స్వేదనజలముతో కడిగి, నీడలో నిలువుగా నుంచి ఆరనీయవలెను. బూజు పట్టినవానిని ఆరుబయట, ముక్కునకు గుడ్డ కట్టుకొని శుభ్రపఱచుట మేలు.

మూడవది ముల్లు. వినైల్ రికార్డునకు ముల్లుకొన అంగుళములో సుమారు వేయవవంతు. లక్క రికార్డునకు దాని కించుమించు మూడింతలు. ఈ భేదము తెలియక సన్నముల్లును లక్క రికార్డుపై పెట్టినచో అది గాడి అడుగునకు దిగి అచ్చటి దుమ్మును దున్నును. లావుముల్లును వినైల్‌పై పెట్టినచో ఆ రికార్డు పాడైపోవును. అనుభవజ్ఞులు మఱియొక ఉపాయమును చెప్పుదురు. పాత ముల్లు గాడిగోడను ఒక ఎత్తులో అరగదీసి యుండును. కొంచెము లావైన, లేదా కొంచెము సన్నని ముల్లు ఆ అరిగిన చోటికి పైననో క్రిందనో చెక్కుచెదరని గోడను తాకును. అచ్చట పాట ఇంకను నిర్మలముగా నుండును. మఱియు, పాత రికార్డులు స్టీరియో కావు. వానిలో ధ్వని గాడి ప్రక్కకు ఊగుటలోనే యున్నది. స్టీరియో యంత్రముతో వాయించినపుడు రెండు ప్రక్కల ధ్వనిని ఒకటిగా కలిపినచో, ముల్లు క్రిందికి మీదికి ఎగురుటవలన పుట్టిన చప్పుడు చాలవఱకు తనంత తానే అణగిపోవును. ఇందులకు కాసు ఖర్చులేదు.

నాల్గవది వేగము. 78 అనునది నామమాత్రమే. పాత రికార్డులు కొన్ని 78కి తక్కువగను, కొన్ని ఎక్కువగను ముద్రింపబడినవి. కొన్నింటి బిళ్లపై 80 అనియే యుండును. వేగము నూటికి ఆఱుపాళ్లు పెరిగినచో శ్రుతి ఒక స్వరస్థానము పైకి పోవును. 78తో వాయింపవలసినదానిని 80తో వాయించిన దాదాపు అర స్వరస్థానము హెచ్చును. ఎత్తైన శ్రుతికి పేరుపడిన పద్యగాయకుల విషయమున ఇది చిన్న తప్పు కాదు. ఆ గాయకుని పురుషత్వము పోయి బాలుని గొంతు వచ్చును, లేదా పద్యము నీరసించి నడచును. ఇచ్చట యంత్రము తీర్పు చెప్పజాలదు. ఆ నటులను రంగస్థలముపై ప్రత్యక్షముగా విన్న వృద్ధులు మన చుట్టుప్రక్కల గ్రామములలో ఇంకను కొందఱున్నారు. వారిని కూర్చుండబెట్టి వినిపించి, ‘ఈ శ్రుతియేనా?’ అని అడుగవలెను. రికార్డు ఇంకొక ఏబదియేండ్లు పెట్టెలో నుండగలదు. ఆ చెవులు అంతకాల ముండవు. నేను తొందరపెట్టుచున్నది అందులకే.

ఐదవది ధ్వనిసమీకరణము. రికార్డు చెక్కునపుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను పెంచి చెక్కుదురు. వాయించునపుడు దానికి విలోమముగా చేయవలెను. ఈ కొలతలను 1954 ప్రాంతమున కంపెనీలన్నియు ఒక్కటిగా అంగీకరించెను. అంతకు పూర్వము ఎవరి కొలత వారిది. కావున పాత లక్క రికార్డును నేటి కొలతతో వాయించి, ‘గొంతు మొద్దుబాఱినది’ అని పాడినవానిని తప్పుపట్టరాదు. కొలతను మార్చి మార్చి, మనుష్యుని గొంతు మనుష్యుని గొంతువలె వినబడు చోట ఆపవలెను.

ఇంతవఱకు కంప్యూటరు మాటయే రాలేదని మీరు గమనించియుందురు. మేలు చేయు పనిలో మూడువంతులు అది రాకమునుపే ముగియును. మురికి రికార్డును, అరిగిన ముల్లును పెట్టి, తరువాత యంత్రము దిద్దునులే యనుకొనుట, నాఱుమడి చెడగొట్టుకొని కోతలనాడు దిగుబడి కొఱకు వెదకుటయే.

కంప్యూటరు ధ్వనిని అంకెలుగా వ్రాసికొనును. సీడీపళ్లెములో సెకనుకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకదానిపై నిలుపుదురు. భద్రపఱచు ప్రతులకు సెకనుకు 96,000 కొలతలు, 24 బిట్లు మేలని ధ్వనిభాండాగారములవారు చెప్పుదురు. అప్పుడు మెట్లు 1,67,77,216 అగును. అట్లు వ్రాసిన నిమిషమునకు సుమారు 35 మెగాబైట్లు పట్టును. లక్క రికార్డు ఒక ప్రక్కకు నూటికి కొంచెము పైన. వేయి ప్రక్కలను ఎక్కించినను నూఱు గిగాబైట్లకు కొంచెమే మించును. నేటి దినములలో అది జేబులో పట్టు పెట్టె. ఎక్కించునపుడు ధ్వనిసూచిక ఎఱ్ఱగీతను తాకరాదు. తాకిన ధ్వని శిఖరములు తెగిపోవును, తెగినవి అతుకవు. పంచిపెట్టుటకు ఎం.పి.3 వంటి కుదించిన ప్రతులు చాలును గాని, భద్రపఱచుటకు అవి పనికిరావు. కుదించుటలో పోయినది మరల రాదు.

ఇచ్చట నా వృత్తిధర్మము నొకటి మనవిచేసెదను. లెక్కలలో చిట్టా వేఱు, ఆవర్జా వేఱు. ఏనాటి పద్దు ఆనాడు చిట్టాలో పడును. దానిని గీకరాదు, చెఱపరాదు. తప్పున్నచో అడ్డుగీత గీచి, క్రింది అంకె కనబడునట్లే యుంచి, ప్రక్కన సరియైనది వ్రాసి సంతకము చేయవలెను. రికార్డునుండి మొదట ఎక్కించిన ప్రతి మనకు చిట్టా. గరగర యున్నను, టపటప యున్నను దానిని ముట్టరాదు. దానికి నకలు తీసి, నకలుపై చికిత్స చేయుడు. ఏ ముల్లు, ఏ వేగము, ఎవరి ప్రతి, ఏ తేదీ, ఏమి తొలగించితిరో ఒక పుస్తకములో వ్రాయుడు. రేపు మనకంటె తెలివైనవాడు, మంచి యంత్రము గలవాడు వచ్చినపుడు మన చికిత్సను త్రోసివేసి చిట్టానుండి మరల మొదలుపెట్టవచ్చును. చిట్టా లేకపోయిన అతడు మన తప్పులనే వారసత్వముగా పొందును.

ఇక నకలుపై చికిత్స. ఆడాసిటీ అను సాధనము ఉచితముగా లభించును. తొలిపనికి అది చాలును. ముందు టపటపలను తొలగింపవలెను. అవి క్షణమాత్రములు గావున చుట్టునున్న ధ్వనిని చూచి ఆ సందును పూడ్చవచ్చును. తరువాత ‘సర్’ మను చప్పుడు. పాట మొదలుగాకమునుపు ముల్లు ఒట్టి గాడిలో తిరుగు చోటును చూపి, ‘ఇది చప్పుడు, దీనిని తగ్గించుము’ అని సాధనమునకు చెప్పవలెను. ఇచ్చటనే పెక్కుమంది అత్యాశకు లోనగుదురు. ఏలయనగా ఆ ‘సర్’ శబ్దమును, మన శ, ష, స అను ఊష్మాక్షరములును ఒకే చోట కాపురముండును. ఊష్మములలో స-కారపు బలము మిక్కిలి పైస్థాయిలో, శ-కారపు బలము దానికి క్రిందిస్థాయిలో నుండును. పైస్థాయిని నిర్దాక్షిణ్యముగా నఱకినచో స-కారము శ-కారమువలె వినబడును. అప్పుడు ‘సకలము’ కాస్తయు ‘శకలము’ అగును. సమస్తము అనవలసినచోట ముక్క అని వినబడును! గద్యమైన సర్దుకొనవచ్చును, ప్రతి యక్షరమును లెక్కపెట్టి కట్టిన పద్యమున ఇది హత్య. ఊష్మములతోపాటు గాయకుని ఊపిరి, తంబురా జీరయు పోయి, గొంతు నీటిలోనుండి వచ్చినట్లుండును.

దీనికొక పరీక్ష కలదు. తొలగించిన చప్పుడును మాత్రమే విడిగా వినిపించు సదుపాయము ఆ సాధనములో నున్నది. దానిని వినుడు. మన ఆడువారు బియ్యము చెఱిగిన పిమ్మట పొట్టును ఒకమారు వ్రేళ్లతో కదిపి, అందు గింజలు పోయినవేమో చూతురు గదా! ఆ పొట్టులో గొంతు వినబడినచో మీరు ఎక్కువగా చెఱిగితిరని అర్థము. వెనుకకు రండు. కొంచెము గరగర మిగిలిన నష్టము లేదు; చెవి రెండు నిమిషములలో దానిని మఱచిపోవును. పోయిన అక్షరమును మాత్రము ఏ చెవియు తెచ్చుకొనలేదు.

ఇక ప్రక్షిప్తములు. 1925 ప్రాంతమున విద్యుత్తు మైకు రాకపూర్వము గాయకులు కొమ్ముబూరలోనికి పాడిరి; ఆ బూర పైస్థాయి ధ్వనులను అసలు పట్టలేదు. పట్టనిదానిని ఏ పరిష్కర్తయు తెచ్చి ఈయలేడు. 1960లలో కొన్ని కంపెనీలు పాత పాటలకు కృత్రిమముగా స్టీరియో కల్పించినవి. నేటి కృత్రిమమేధ పోయిన ధ్వనులను ఊహించి నింపగలదు. సమర్థతయందు సందేహము లేదు. కాని అట్లు నింపినది గాయకునిదా, యంత్రమునిదా? నన్నయభట్టారకుడు విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరింపలేదా యని ఎవరైన అడుగవచ్చును. పూరించెను. అయినను ఎవరిది ఎచ్చటివఱకో లోకమునకు తెలియును. పూరించుట దోషము కాదు. పూరించి చెప్పకుండుట దోషము. నింపిన ప్రతిపై నింపినదని వ్రాయుడు. చిట్టాప్రతిలో మాత్రము చేయి పెట్టకుడు.

న్యాయవిషయ మొకటి. మన దేశమున ధ్వనిముద్రణమునకు, ప్రచురింపబడిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు హక్కులుండును. 1974 నాటి గీతాగానమునకు 2034 చివరివఱకు అవి చెల్లును. పాటయొక్క సాహిత్యమునకు, వరుసకు ఉన్న హక్కులు వేఱు. కావున ఎక్కించిన ప్రతినెల్ల లోకమునకు వెదజల్లరాదు. న్యాయము తెలిసినవారి నడిగి పంచవలసినది పంచవలెను. భద్రపఱచుటలో ఆలస్యము మాత్రము వలదు.

కార్యవర్గమువారికి నా మనవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువపై పడవలో పుస్తకములు నింపి పాఠకుల గుమ్మములకు పంపిరి. అదే స్ఫూర్తితో మన యువకులు ఊరూర తిరిగి, రికార్డులను ఎరువు తెచ్చి, రసీదు ఇచ్చి, ఎక్కించుకొని, కడిగి, క్రొత్తసంచిలో పెట్టి, తిరిగి ఇచ్చివేయవలెను. ఇనుపసామానుతోపాటు తూకమునకు పోవుచున్నవానిని ముందుగా అందుకొనవలెను. చిట్టాప్రతులు మూడు తీసి మూడుచోట్ల నుంచవలెను. వానిలో ఒకటి తప్పక ఈ యూరు దాటి మెఱకప్రదేశమున నుండవలెను. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేరు ఒడ్డు దాటిన ఏడు మన బీరువాల గతి ఎట్లుండునో నేను చెప్పనక్కఱలేదు. నెలకొక సాయంకాలము వృద్ధులను పిలిచి వినిపించి, వారు చెప్పినది వ్రాసికొనవలెను. ఈ పుస్తకమునకు చందాదారులలో అక్షరము కుదురుగా వ్రాయువారిని ఒకరిని నియమింపుడు. పద్దుల వరుస కట్టియిచ్చుట నా వంతు.